ముల్లూ తెరా

విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థి తొలిరోజున ఆకాశాన్ని చూడడు. అతని చూపు యావత్తూ ఎదుట ఉన్న పలక మీదనే నిలుస్తుంది. పాత తరహా విమానమైతే ఆ పలక మీద గోడగడియారాలను కుదించి అమర్చినట్లు ఆరు గుండ్రని పరికరాలు, మూడేసి చొప్పున రెండు వరుసలలో ఉంటాయి. ప్రతిదానికీ ఒక ముల్లో, రెండు ముళ్ళో ఉంటాయి. కొత్త తరహా విమానమైతే పదేసి అంగుళాల గాజుతెరలు రెండు పక్కపక్కన వెలుగుతుంటాయి. ఒకదానిపై పైన నీలం, కింద గోధుమరంగు, వాటి నడుమ ఒక తెల్లని గీత; రెండవదానిపై భూపటం, దాని మీద మెల్లగా జరిగే ఒక బొమ్మవిమానం. మొదటి పలకను చూచినవానికి భయం వేస్తుంది. రెండవదాన్ని చూచినవానికి, ఇదంతా మనకు తెలిసినదే కదా అన్న ధైర్యం కలుగుతుంది. ఆ భయమూ ఈ ధైర్యమూ రెండూ కొంతవరకు పొరపాటే. అయినా ఇరవై యేళ్ళకు పైగా విమానశిక్షకుల మధ్య సాగుతున్న వాదమంతా వీటి చుట్టూనే తిరుగుతున్నది: కొత్తగా రెక్క విప్పేవానికి ముల్లు మంచిదా, తెర మంచిదా?

దీనికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. అసలు పరికరం ఎందుకు? పగటివేళ, మబ్బులేని ఆకాశంలో చిన్న విమానాన్ని నడిపేవానికి పరికరాలతో అంతగా పని ఉండదు. విమానపు ముక్కు దిగంతరేఖకు ఎంత కిందుగా ఉన్నదో చూచుకుంటూ, ఇంజను మోతను చెవిని వేసుకుంటూ ఉంటే, వేగమూ ఎత్తూ దాదాపు వాటంతట అవే దారిలో ఉంటాయి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పస్ మాత్ అనే చిన్న విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరినప్పుడు నేలమీది నుంచి దారి చెప్పేవారు ఎవరూ లేరు. ఆయన కళ్ళే ఆయనకు పరికరాలు.

మబ్బులోకి చొరబడిన క్షణంలో ఈ కథ తారుమారవుతుంది. మనిషి చెవి లోపల మూడు అర్ధవలయాకారపు నాళాలున్నవి. వాటిలోని ద్రవం కదలికను బట్టి శరీరం తాను తిరుగుతున్నదీ లేనిదీ తెలుసుకుంటుంది. మెల్లగా మొదలైన మలుపును ఆ ద్రవం పసికట్టలేదు. కొంతసేపు ఒకే తీరున సాగిన మలుపును మరచిపోతుంది. ఆ మలుపు నుంచి విమానాన్ని చక్కదిద్దితే, ఇప్పుడు ఎదురుదిక్కుకు తిరుగుతున్నామని బొంకుతుంది. నేల మీద నడవడానికి ప్రకృతి ఇచ్చిన సాధనమది. ఆకాశానికని ఇచ్చినది కాదు. 1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంవారు, పరికరాలను నమ్మి ఎగరడం నేర్వని 20 మందిని ఎంచుకుని, బయటి చూపు లేకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవైమందీ విమానాన్ని అదుపు తప్పించినవారే. అందరికంటె ముందు తప్పినవానికి 20 సెకండ్లు పట్టింది, అందరికంటె ఎక్కువసేపు నిలిచినవానికి 480. సగటు 178 సెకండ్లు. మూడు నిమిషాలు కూడా కాదు. వేడి కాఫీ చల్లారేటంత సేపు లేదు.

కనుక పలక మీది ఆ ముళ్ళు అలంకారం కోసం పుట్టినవి కావు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపంలో జేమ్స్ డూలిటిల్ అనే వైమానికుడు కాక్‌పిట్టు మీద ముసుగు కప్పించుకుని, బయటిది ఏదీ చూడకుండా, పరికరాలను మాత్రమే నమ్ముకుని విమానాన్ని లేపి, ఒక చుట్టు తిప్పి, మళ్ళీ దించాడు. అంతా పదిహేను నిమిషాల పని. అవసరమైతే ఆదుకోవడానికి ముందు ఆసనంలో మరొక చోదకుడున్నాడు గాని, ఆదుకోవలసిన అవసరం రాలేదు. ఆనాడు డూలిటిల్ ఎదుట ఉన్నవాటిలో స్పెరీ వారి కృత్రిమ క్షితిజమూ, దిశను చూపే గైరోస్కోపూ, కోల్స్‌మన్ తయారుచేసిన సున్నితమైన ఎత్తుమాపకమూ ముఖ్యమైనవి. తర్వాతి తొంభై యేళ్ళ విమానయానమంతా ఆ పలకకు చేసిన వ్యాఖ్యానమే అంటే ఎక్కువ చెప్పినట్లు కాదు.

ఆ ఆరింటినీ ఒకసారి దగ్గరగా చూడవలసి ఉన్నది. పై వరుసలో ఎడమవైపున వేగమాపకం. రెక్క కింద ఉన్న చిన్న గొట్టంలోకి ఎదురుగాలి జొరబడుతుంది. ఆ ఒత్తిడికీ చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికీ గల తేడాను అది ముల్లుగా తిప్పుతుంది. పళ్ళెం అంచున తెలుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల వంపులు, చివర ఒక ఎర్రగీత. నడుమ కృత్రిమ క్షితిజం. లోపల బొంగరంలా తిరిగే చక్రం ఒకటి ఉండి, విమానం ఎటు వాలినా తాను వాలకుండా నిలబడుతుంది. కుడివైపున ఎత్తుమాపకం, గాలి పలచబడినకొద్దీ ఉబ్బే సన్నని లోహపు బుడ్డి దాని గుండెకాయ. నేల మీది వాయుభారాన్ని చిన్న కిటికీలో మరతిప్పి పెట్టకపోతే అది చెప్పే ఎత్తు తప్పే. కింది వరుసలో మలుపుసూచి, దిశాసూచి, విమానం ఎక్కుతున్నదో దిగుతున్నదో చెప్పే ఆరోహణసూచి. ఈ చివరిది ఆలస్యంగా మాట్లాడే మనిషి వంటిది. జరిగిన సంగతిని స్థిమితపడి చెప్పడానికి ఆరేడు సెకండ్లు తీసుకుంటుంది. దిశాసూచి మెల్లమెల్లగా దారి తప్పుతుంది కనుక పావుగంటకొకసారి అయస్కాంతపు దిక్సూచితో సరిచూచి దిద్దుకోవాలి. ఆ అయస్కాంతపు దిక్సూచికి మళ్ళీ దాని వికారాలు దానికున్నవి. ఉత్తరానికి తిరిగేటప్పుడు వెనకబడుతుంది, దక్షిణానికి తిరిగేటప్పుడు ముందుకు పరుగెడుతుంది.

మబ్బులో చిక్కిన చోదకుడు ధృతరాష్ట్రుని వంటివాడు. యుద్ధం తనదే, గెలుపోటములు తనవే, కాని కళ్ళు లేవు. పరికరాలే సంజయుడు. అయితే కౌరవరాజుకు సంజయుడు ఒక్కడే; అతడు యుద్ధరంగమంతా చూచి, కూర్చి, వరుసగా చెప్పాడు. పాత పలక మీద సంజయులు ఆరుగురు. ఒక్కొక్కడు ఒక మూలనే చూచాడు, ఒకని మాట మరొకనికి తెలియదు. ఎడమరెక్క వాలి, ముక్కు కిందికి దిగి విమానం జారుతున్నదనుకుందాము. క్షితిజం ఒరుగుతుంది, ఎత్తుమాపకపు ముల్లు వెనక్కు తిరుగుతుంది, వేగమాపకపు ముల్లు ముందుకు పోతుంది, దిశాసూచి చక్రం కదులుతుంది, ఆరోహణసూచి కాసేపటికి తలవంచుతుంది. ఈ అయిదు మాటలనూ కలిపి, ‘ఎడమకు తిరుగుతూ దిగుతున్నాము’ అన్న ఒక్క వాక్యం చేయవలసినవాడు చోదకుడు. ఆ వాక్యం పలక మీద ఎక్కడా వ్రాసి ఉండదు. మరి క్షితిజం మాత్రం తిన్నగా ఉండి, మిగిలిన నాలుగూ కదులుతుంటే? అప్పుడు అబద్ధం చెబుతున్నది క్షితిజమే. సాక్షులను ఎదురెదురుగా నిలిపి ప్రశ్నించే న్యాయాధిపతి పని ఇది. విద్యార్థికి ఈ పని పట్టుబడడానికి గంటల తరబడి అభ్యాసం కావాలి. మొదట్లో చూపు ఒకే ముల్లు మీద అతుక్కుపోతుంది. దాన్ని బలవంతంగా లాగి పక్కదాని మీద పెడితే, ఈలోగా మొదటిది జారిపోతుంది. నడిమి క్షితిజం నుంచి ఒకదానికి పోయి, తిరిగి నడిమికి వచ్చి, మరొకదానికి పోవడం, సాలెపురుగు నూలు వేసినట్లు, నేర్పుతారు.

గాజుతెర చేసిన పని ఏమంటే, ఆరుగురు సంజయులను ఇంటికి పంపి ఒక్కనిని నియమించింది. 2004 ప్రాంతం నుంచి చిన్న శిక్షణవిమానాలలో సయితం ఈ తెరలు రావడం మొదలైంది. బొంగరాల స్థానంలో గోరంత సూక్ష్మయంత్రాలు వచ్చాయి. గాలి ఒత్తిడినీ, విమానపు వాలునూ, దిశనూ కొలిచి, లెక్కకట్టి, సవరించి, ఒక చిత్రంగా తెర మీద ఉంచే పని గణనయంత్రం చేస్తుంది. కృత్రిమ క్షితిజం అరచేతిపాటి పళ్ళెంలో ఇమిడి ఉండేది. ఇప్పుడది తెర వెడల్పంతా పరచుకున్నది. అంత పెద్ద దిగంతం వాలితే కంటికొసకు కూడా తెలుస్తుంది. వేగమూ ఎత్తూ ఇరుపక్కల నిలువుపట్టీలుగా జారుతుంటాయి. ఆ పట్టీల పక్కన సన్నని ఊదాగీత ఒకటి, మరి ఆరు సెకండ్లకు వేగం ఎంత ఉండబోతున్నదో ముందుగానే చెబుతుంది. దిశాసూచిని పావుగంటకొకసారి దిద్దవలసిన బాధ లేదు. కొండలను బొమ్మకట్టి చూపే తెరలు కూడా ఉన్నవి. మన పెద్దలు అరచేతిలో వైకుంఠం చూపడమన్న మాటను మోసానికి వాడారు గాని, ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజమైంది. దీన్ని తక్కువచేసి మాట్లాడేవారు మబ్బులో ఒంటరిగా ఎగిరినవారై ఉండరు.

అయితే తెర అంకెలో మాట్లాడుతుంది, ముల్లు కోణంలో మాట్లాడుతుంది. ఈ భేదం చిన్నది కాదు. గోడగడియారం చూచేవాడు అంకెలు చదవడు. చిన్నముల్లు నాలుగుకు దగ్గరపడినదని చూచి, బడి వదిలే వేళైనదని తెలుసుకుంటాడు. వేగమాపకపు ముల్లు కుడివైపు సగానికి వాలి ఉంటే సరే, పైకి లేస్తే ప్రమాదం అన్నది విద్యార్థి శరీరానికి తెలిసిపోతుంది. అంకె ఎంతో అతనికి గుర్తుండనవసరం లేదు. నిలువుపట్టీ మీద జారే అంకెను మాత్రం చదవాలి, చదివి పోల్చుకోవాలి, పోల్చి నిర్ణయించాలి. వేగంగా కదిలే పట్టీ మీద చదవడం మరీ కష్టం. తొలి పాఠాలలో తెర ముందు కూర్చున్న విద్యార్థి ఎత్తును అడుగుల లెక్కన వెంటాడడం శిక్షకులందరూ ఎరిగినదే. ఇరవై అడుగులు తగ్గినదని ముక్కు ఎత్తుతాడు, ముప్ఫై పెరిగినదని దించుతాడు. తెర అంత ఖచ్చితంగా చెప్పకపోయినట్లయితే అతడూ అంత తొందరపడడు.

ఇంతమాత్రాన ముల్లును ఆకాశానికెత్తడం కూడా న్యాయం కాదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు చోదకులు పరికరాలను తప్పుగా చదివిన 270 సంఘటనలను సేకరించి 1947లో వెల్లడించారు. వాటిలో మూడు ముళ్ళ ఎత్తుమాపకానిది ముఖ్యమైన స్థానం. ఒక ముల్లు వందలను, ఒకటి వేలను, ఒకటి పదివేలను చెప్పేది. వేయి అడుగుల తేడాతో చదివి, నేల ఎంతో దిగువన ఉన్నదనుకున్నవారు ఎందరో. చోదకుని దోషమని అంతవరకు అందరూ కొట్టిపారేసినదానిలో పరికరాన్ని గీసినవాని దోషం ఎంత ఉన్నదో వారు చూపారు. తెరలు గీసే నేటి ఇంజనీర్లకు కూడా ఆ పాఠం తీరిపోయినదని చెప్పలేము. ఒకే తెరలో అంకెలు, గీతలు, రంగులు, పేజీల చాటున పేజీలు కిక్కిరిసి ఉన్నప్పుడు, కొత్త విద్యార్థి వాటిలో జొరబడడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇక చెడిపోవడం సంగతి. బొంగరాలను తిప్పే గాలిపంపు ఆగిపోతే పాత క్షితిజం ఒక్కసారిగా పడిపోదు. చక్రం వేగం తగ్గినకొద్దీ మెల్లగా, మర్యాదగా ఒరుగుతుంది. దాన్ని నమ్మిన చోదకుడు కూడా అంతే మెల్లగా విమానాన్ని ఒరగనిస్తాడు. తెర ఇటువంటి కపటం సాధారణంగా చేయదు. తనకు లెక్క అందకపోతే ఆ భాగం మీద ఎర్రని కొట్టివేత గుర్తు వేస్తుంది. పాత పలక మీద శిక్షణ పొందేవారికి ‘చెడినదాన్ని కాగితంతో కప్పు’ అని నేర్పేవారు. కనబడుతున్నంతసేపు కన్ను దాని వైపే పోతుంది కనుక.

1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయి నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747, ‘సమ్రాట్ అశోక’, బాంద్రా తీరానికి ఎదురుగా సముద్రంలో కూలి 213 మంది మరణించారు. చీకటిలో సముద్రం మీద దిగంతరేఖ అన్నది లేదు. కెప్టెన్ ఎదుట ఉన్న క్షితిజపరికరం చెడి తప్పు చూపినదనీ, విమానం ఏ వైపు వాలి ఉన్నదో ఆయనకు తెలియకుండా పోయినదనీ, చక్కదిద్దబోయి ఇంకా ఎడమకు వాల్చారనీ విచారణ తేల్చింది. ఆయన అనుభవం లేనివాడు కాదు. ఆ కాక్‌పిట్టులో క్షితిజం అదొక్కటే కూడా కాదు. ఒక సాక్షిని తోసిపుచ్చి మరొక సాక్షిని పిలవడానికి కావలసిన కొద్ది సెకండ్లు అక్కడ దొరకలేదు. ముళ్ళ కాలం బంగారుకాలమని నిట్టూర్చేవారు ఈ రాత్రిని మరచిపోరాదు.

తెరల కాలానికి సంబంధించిన రాత్రి కూడా ఒకటున్నది. 2009 జూన్ 1న రియో నుంచి పారిసుకు పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ ఎయిర్‌బస్ 330 అట్లాంటిక్ మీద, 35,000 అడుగుల ఎత్తున, మంచు స్ఫటికాలలో చిక్కింది. వేగాన్ని కొలిచే గొట్టాలు ఆ మంచుతో పూడుకొనిపోయాయి. వేగం తెలియని యంత్రం తనంత తాను నడపడం మానుకుని విమానాన్ని మనుషుల చేతిలో పెట్టింది. గొట్టాలు మళ్ళీ తెరుచుకోవడానికి నిమిషమైనా పట్టలేదు. ఆ కొద్ది వ్యవధిలోనే విమానం నడుపుతున్న యువచోదకుడు ముక్కును పైకెత్తి పట్టుకున్నాడు. రెక్కల మీద గాలి పట్టు తప్పింది. దానినే ‘స్టాల్’ అంటారు. హెచ్చరిక పదేపదే మ్రోగింది. దాదాపు మూడున్నర నిమిషాలపాటు విమానం సముద్రం వైపు పడుతూనే ఉన్నది. 228 మందిలో ఒక్కరూ మిగలలేదు. పాఠకులు గమనించవలసినది ఏమంటే, ఇక్కడ తెర మీది దిగంతం అబద్ధం చెప్పలేదు. ముక్కు పైకి లేచి ఉన్న సంగతీ, ఎత్తు తరిగిపోతున్న సంగతీ తెర మీదనే ఉన్నవి. వేగం తెలియనప్పుడు ముక్కును ఇంత కోణంలో, ఇంజనును ఇంత శక్తితో ఉంచితే విమానం ఎగురుతుందన్నది శిక్షణలో మొదటి పాఠాలలోనిది. లోపించినది చూపు కాదు. కూర్చి ఇచ్చిన చిత్రం చెదిరినప్పుడు మళ్ళీ ముక్కలను ఏరి కూర్చుకునే అలవాటు లోపించింది. 1997లోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ శిక్షకుడు వారెన్ వాండర్‌బర్గ్, తెర మీది ఊదాగీతను అనుసరించడమే విమానం నడపడమనుకునేవారిని ‘ఊదాగీత బిడ్డలు’ అని పిలిచాడు. ఆ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఈ తగవును లెక్కలతో తీర్చబోయినవారు కూడా ఉన్నారు. అమెరికా జాతీయ రవాణా భద్రతామండలివారు 2002, 2006 మధ్య తయారైన 8,000కు పైగా చిన్న విమానాలను పరిశీలించి 2010 మార్చిలో నివేదిక ప్రకటించారు. తెరలున్న విమానాలకు మొత్తం ప్రమాదాలు తక్కువగాను, ప్రాణాలు తీసిన ప్రమాదాల రేటు ఎక్కువగాను ఉన్నట్లు తేలింది. తెరలు వచ్చినంత మాత్రాన క్షేమం పెరగలేదని మండలి నిర్ణయం. అయితే తెరలున్న విమానాలు దూరప్రయాణాలకూ, మబ్బులలో పోవడానికీ ఎక్కువగా వాడబడ్డాయి. ముళ్ళున్నవి శిక్షణలో ఎక్కువగా తిరిగాయి. ధైర్యమిచ్చే పరికరం మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందన్నది కూడా లెక్కలో చేరవలసిన సంగతే కదా! 2015లో న్యూజీలండులో ఎన్నడూ విమానం నడపని వారిని కృత్రిమ యంత్రంలో కూర్చోబెట్టి చేసిన పరీక్ష మరీ విచిత్రమైనది. తెర ముందు కూర్చున్నవారు ముళ్ళ ముందు కూర్చున్నవారికంటె అధ్వాన్నంగా నడిపారు. కాని ఏది బాగున్నదని అడిగితే ఎక్కువమంది తెరనే మెచ్చుకున్నారు. ముందు దేని మీద నేర్చుకున్నారన్నదానికి పెద్ద ప్రభావం కనబడలేదట. ఇది ముల్లు పక్షంవారికి అంత రుచించే మాట కాదు.

మన దేశంలో ఈ ప్రశ్న ఎటువంటి రూపు దాల్చినదో చూడడానికి రెండు చోట్లు చాలు. ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్. అక్కడి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ పేరులోని ‘ఉడాన్’ అన్న హిందీమాట ఎంత తేలికగా పైకి లేస్తుందో! దానికి తెలుగులో ‘విమానయానం’ అనగానే రైలెక్కినంత బరువవుతుంది. ‘ఎగురుట’ అంటే పిచ్చుక గుర్తుకు వస్తుంది. మాటల సంగతి అటుంచి, ఆ అకాడమీలో ముళ్ళున్న ట్రినిడాడ్ విమానాల తరంవారూ ఉన్నారు, తెరలున్న డైమండ్ విమానాల తరంవారూ ఉన్నారు. ఉద్యోగపు లైసెన్సుకు కావలసిన 200 గంటలు ఇక్కడ నింపుకున్నవారు తర్వాత పోయి కూర్చునేది చాలావరకు ఎయిర్‌బస్ 320లో. అందులో ఎదుట ఉండేవి ఆరు తెరలు. ఎలాగూ తెరకే పోయేవానికి ముల్లు ఎందుకని అడిగే తండ్రి మాటలో న్యాయం లేకపోలేదు. అప్పుచేసి గంటకు ఇంతని కట్టేవాడు ఆయన.

రెండవ చోటు మనకు దగ్గరిది. హైదరాబాదు శివారున దుండిగల్‌లోని వైమానికదళ అకాడమీ. అక్కడ చాలాకాలం తొలిపాఠాలు హెచ్.పి.టి.32 దీపక్ విమానంలో నడిచేవి. ముళ్ళ పలక, శిక్షకుడూ శిష్యుడూ పక్కపక్కన. 2009 జూలైలో ఒక ఘోరప్రమాదం తర్వాత ఆ విమానాలను నిలిపివేశారు. కొన్నేళ్ళు కిరణ్ జెట్టులోనే అక్షరాభ్యాసం చేయించవలసి వచ్చింది. 2012లో 75 స్విస్ పిలాటస్ విమానాలకు ఒప్పందం కుదిరి, 2013 నుంచి అవి దుండిగల్ చేరసాగాయి. వాటిలో తెరలున్నవి, శిక్షకుడు వెనుక కూర్చుంటాడు. దీనివల్ల చిత్రమైన క్రమం ఒకటి ఏర్పడింది. తెర మీద ఓనమాలు దిద్దిన శిష్యుడు, రెండవ మెట్టులో 1964లో తొలిసారి ఎగిరిన కిరణ్ ఎక్కి ముళ్ళు చదవడం నేర్చుకోవాలి. ఆ మెట్టు దాటి, మూడవ మెట్టులో బీదరు పోయి హాక్ జెట్టులో మళ్ళీ తెరకు రావాలి. ఎవరూ కావాలని ఇలా రచించినది కాదు. ఏ విమానం ఎప్పుడు దొరికితే అప్పుడు వచ్చి చేరింది. అయినా పండితులు కూర్చుని ఆలోచించినా ఇంతకంటె మంచి పాఠ్యక్రమం తయారుచేసి ఉండేవారా అన్నది సందేహమే. తెర మీద ‘ఇది క్షితిజం’ అని నేర్చినవానికి, కిరణ్‌లో అదే క్షితిజం మూడంగుళాల పళ్ళెంలోకి కుదించుకుపోయి, మిగిలిన ముళ్ళతో పొత్తు కలుపుకుంటేనే గాని అర్థమివ్వదు. అప్పుడే తెర వెనుక ఏం జరుగుతున్నదో అతనికి తెలుస్తుంది.

శిక్షకుడు పక్కన కూర్చోవడమన్నది ఇందులో ఎవరూ అంతగా చర్చించని లాభం. కిరణ్‌లో శిష్యుని కళ్ళు ఎటు తిరుగుతున్నదీ అతనికి కనబడుతుంది. ‘ఏం బాబూ, ఎత్తుమాపకం మీద కాపురం పెట్టావా?’ అని అడగగలడు. వెనుక ఆసనంలో ఉన్నవాడు విమానం తప్పిన తర్వాతనే కన్ను తప్పినదని ఊహించగలడు. అయితే తెర ముందు ఈ లాభం కూడా తగ్గుతుంది. వేగమూ, ఎత్తూ, దిశా ఒకే చదరంలో ఉన్నప్పుడు కన్ను ఎక్కడున్నదో పక్కవానికి సయితం తెలియదు. ముళ్ళయితే జానెడు ఎడంగా ఉండి, తల తిప్పిన జాడ దొరికేది. శిష్యుడు తెరను చూస్తున్నాడని మాత్రం తెలుస్తుంది. చదువుతున్నాడో లేదో దేవునికెరుక. ఎండకాచే పగటిపూట, కిటికీ నిండా అసలు దిగంతరేఖ పరచుకొని ఉండగా, బొమ్మదిగంతం కోసం తల దించుకుని కూర్చోవడం మరొక జబ్బు. చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం వెతికినట్లన్న సామెత శిక్షకుల నోట రాకపోతే ఆశ్చర్యపడాలి. చుట్టూ ఎగిరే మరొక విమానం తెరకంటె ముందు కిటికీలో కనబడవలసినది.

ముళ్ళతో మొదలుపెట్టించి తర్వాత తెరకు తీసుకుపోవడమే మేలు అన్న పక్షం మొత్తం మీద బలమైనదిగా తోస్తుంది. దానికి కారణం ముల్లు పవిత్రమైనదని కాదు. మాటల మధ్య పొత్తు కుదర్చడమన్న పనిని విద్యార్థి ఒకసారైనా తన తలతో చేసి ఉండాలి. లేదా తెర మీదనే నేర్పినా, ఆ పని తప్పించుకునే వీలు లేకుండా నేర్పాలి. అయితే పక్షమేదైనా, నిర్ణయించేది ఎక్కువగా ఖర్చే. పాత బొంగరాలను విప్పి బాగుచేసే నిపుణులు తగ్గిపోతున్నారు. విడిభాగాలు దొరకడం కష్టం. కొత్తగా కొనే శిక్షణవిమానం తెరలతోనే వస్తుంది. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు దేశీయంగా రూపొందించిన హెచ్.టి.టి.40 కూడా తెరలదే. ముళ్ళ పలక రేపటి విద్యార్థికి దొరకకపోవచ్చు గనుక, ముల్లు నేర్పిన విద్యను తెర మీద ఎలా నేర్పాలన్నదే శిక్షకునికి మిగిలిన పని.

అందుకు వారికున్న ఉపాయం చాలా సాదాది. తెరలున్న చిన్న విమానాలలో చాలావాటికి పలక మీద ఒక మూలన మూడు బుల్లి పరికరాలు ఆపద్ధర్మంగా ఉంచుతారు: వేగం, క్షితిజం, ఎత్తు. కొత్తవాటిలో అవి మూడూ కూడా కలిసి మరొక చిన్న తెరగా మారిపోతున్నవి. తగిన ఎత్తున, బయట చూపు ఆనని టోపీ విద్యార్థి నెత్తిన పెట్టించి, శిక్షకుడు చేయి చాచి పెద్దతెర వెలుగును తగ్గించి ఆర్పివేస్తాడు. నీలమూ గోధుమరంగూ పోతాయి, భూపటం పోతుంది, ఊదాగీత పోతుంది. విద్యార్థి ఆ మూలనున్న మూడింటి వైపు తల తిప్పి, వేగం ఇంత, రెక్కలు సమం, ఎత్తు ఇంత అని పైకి చదవాలి. శిక్షకుడు మాట్లాడకుండా చేతిగడియారం వైపు చూస్తాడు. దానికి ముళ్ళే ఉండవచ్చు, అంకెలే ఉండవచ్చు. అతడు లెక్కపెడుతున్నవి సెకండ్లు.